నాంచారమ్మ ముందే పరిచిన విస్తళ్లు

మూడు కొండల నీళ్లు కలిసి వాగై పారే చోట ఒక రేవు ఉంది. మోకాలి లోతు నీళ్లు, కాలు జారని రాళ్లు. ఆ అడవిలో ఎటు నుంచి ఎటు పోవాలన్నా వాగు అక్కడే దాటాలి. దాటగానే ఒడ్డున, పెద్ద బండ కింద, ముళ్లపంది నాంచారమ్మ నడిపే పూటకూళ్ల ఇల్లు. ఇల్లంటే గోడలేవీ లేవు. బండే కప్పు. మూడు రాళ్ల పొయ్యి, నాలుగు మట్టికుండలు, ఓ పక్కన కట్టెల మోపు, ఇంకో పక్కన మోదుగాకు విస్తళ్ల కట్ట.

నాంచారమ్మ మంచిది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీకు ఆవిడ మీద ఒళ్లు మండుతుంది.

గుట్ట మీద కోతులకు పెద్ద సత్రం ఉండేది. అలాంటివే ఆ అడవిలో ఇంకో ఆరు ఉన్నాయి, అన్నీ ఆ కోతుల కుటుంబానివే. అక్కడ రకరకాల వంటలు, వరసల్లో వడ్డన, అడిగినన్ని సార్లు పెడతారు. కానీ నిన్న తిన్నవాణ్ణి ఇవాళ చూసి, ఎవరు మీరు, కొత్తగా వచ్చారా అంటారు. నాంచారమ్మ దగ్గర జొన్న అంబలి, దుంపల పులుసు, చింతచిగురు పచ్చడి తప్ప నాలుగో వంట లేదు. అయినా సగం అడవి ఆ గుట్ట దిగి, ఎండలో నడిచి, ఈ బండ కిందికే వచ్చేది. తిన్నవాళ్లు తలా ఒక దుంపో, నాలుగు ఎండుపుల్లలో తెచ్చి పడేసి పోయేవాళ్లు.

ఎందుకొచ్చేవాళ్లంటే, ఎవరైనా వాగు దాటకముందే వాళ్ల విస్తరి వాళ్ల చోట పరిచి ఉండేది. వీరాస్వామి అని ముసలి దుప్పి ఒకడు. పళ్లన్నీ చిగుళ్ల దాకా అరిగిపోయాయి. వాడికి దుంప మెత్తగా మెదిపి, అంబలిలో కలిపి, కాలు చాపుకునేందుకు వీలైన చోట వడ్డించేది. సీతాలు అని కుందేలు, నలుగురు పిల్లల తల్లి. అందరి మధ్య కూర్చుంటే దానికి ముద్ద దిగదు. దాని విస్తరి కట్టెల మోపు చాటున వేసేది, అడక్కుండానే పాలు పడే ఆకు నాలుగు రెబ్బలు పక్కన పెట్టేది. పేరమ్మ, గౌరు అని అక్కచెల్లెళ్లైన లేళ్లు ఉండేవి. వాటిలో గౌరుకు కారం పడదు. అది ఎప్పుడూ చెప్పలేదు, ఒకసారి దాని కళ్లలో నీళ్లు చూసి నాంచారమ్మే కనిపెట్టింది. అడవిలో బతికేవాళ్లను ఎప్పుడూ ఎవరో తరుముతూనే ఉంటారు. మన కోసం ఒక చోట ఆకు వేసి ఉందంటే, రేపు కూడా మనం బతికి ఉంటామని ఎవరో నమ్ముతున్నట్టే కదా. దాని కోసమే వచ్చేవాళ్లు.

ఇక నక్క పానకాలు సంగతి. వాడు చిరుత వెనక తిరిగి బతికేవాడు. అది తిన్నాక మిగిలింది వాడిది. ఆ ఏడు చిరుతకు వయసు మీద పడింది. పంజాకు పదును తగ్గలేదు గానీ పరిగెత్తే ఊపిరి పోయింది. ఆరు రోజులు వరసగా ఏమీ దొరక్కపోయేసరికి అది పానకాలును పిలిచి, పెద్దగా కోపం కూడా లేకుండా, ఒక మాట చెప్పింది. నేనున్న చోటికి మేత రావాలి, వెంటపడే ఓపిక నాకు లేదు, ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో చూసుకురా, లేదంటే దగ్గర్లో ఉన్నవాడివి నువ్వే, అంది.

పానకాలు ఆ రోజు నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాడు. తిరిగి తిరిగి రేవు దగ్గరికొచ్చి, అవతలి ఒడ్డున పొదలో కూర్చుని మూడు రోజులు చూశాడు. నాంచారమ్మ విస్తరి వేస్తుంది, కాసేపటికి తినేవాడు వస్తాడు. ఇంకో చోట ఇంకో విస్తరి వేస్తుంది, ఇంకొకరు వస్తారు. ఒక్కసారి కూడా తప్పలేదు. తను అడవంతా తిరిగినా తెలియనిది ఈ ఒక్కదాని కడుపులో ఉందని వాడికి అర్థమైంది.

నాలుగో రోజు వాగు దాటి, కాళ్లు కడుక్కుని, ఎంతో మర్యాదగా ఓ వారగా కూర్చున్నాడు. పెట్టింది తిన్నాడు. అందరూ వెళ్లాక మాట కదిపాడు.

"అక్కా, కొండ అవతల నేనూ ఒక పూటకూళ్లు పెట్టుకుందామనుకుంటున్నా. కోతుల్లాగా కాదు, నీలాగా. ఒకసారి తిన్నవాడు మళ్లీ మళ్లీ ఎందుకొస్తాడో ఆ కిటుకు నాకు చెప్పు. నీ పేరు చెప్పుకుని బతుకుతాను."

పొయ్యి రాజేసిన ఇన్నేళ్లలో నాంచారమ్మను ఆ మాట అడిగినవాడు లేడు. తిన్నవాళ్లు బాగుందనేవాళ్లు, లేచి వెళ్లేవాళ్లు. వండిపెట్టేవాళ్లకు ఆ ఒక్క మాట చాలని మనం అనుకుంటాం. చాలదు. ఈ పనిలో ఎంత చూడాలో, ఎంత గుర్తుంచుకోవాలో ఎవరికైనా విప్పి చెప్పుకోవాలని ఉంటుంది. నాంచారమ్మ చేతిలో గరిటె కింద పెట్టి, ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"కిటుకేముంది తమ్ముడూ. వాడు వస్తున్నాడని వాడు రాకముందే మనకు తెలియాలి. అంతే."

"అదెలా తెలుస్తుందక్కా?"

"మా వీరాస్వామన్ననే తీసుకో. ఎండ ఈ బండ మొదట్లోకి వచ్చేవేళకు బయల్దేరతాడు. వెలగచెట్టు మలుపులో ఆగుతాడు. వెనక కాలు పట్టేస్తుంది పాపం, చెట్టుకు ఒరిగి కాసేపు నిలబడి దగ్గుతాడు. ఆ దగ్గు వినపడగానే నేను అంబలి దింపేస్తా. వచ్చి కూర్చునేసరికి నోరు కాలనంత వేడిగా ఉంటుంది."

"ఒక్కడే వస్తాడా?"

"ఒక్కడే. ఎప్పుడూ అంతే."

వంట నేర్చుకోవడానికి వచ్చినవాడికి, తినేవాడు ఒంటరిగా వస్తాడా జతగా వస్తాడా అన్న గొడవెందుకు? మీకూ నాకూ వెంటనే తట్టింది. నాంచారమ్మకు తట్టలేదు. ఎందుకంటే ఆవిడ ఒళ్లంతా ముళ్లు. చిరుత ఎదురొచ్చినా అదే పక్కకు తప్పుకునేది. దారిలో ఒంటరిగా ఉండడమంటే ఏమిటో ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక తెలియదు. తన దగ్గర తినేవాళ్లెవరికీ ముళ్లు లేవన్న సంగతి, వాళ్ల పళ్లూ కాళ్లూ గుర్తుపెట్టుకున్న ఆవిడ, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోలేదు.

ఆ మాటలైన మూడో రోజు వీరాస్వామి రాలేదు.

నాంచారమ్మ విస్తరి వేసింది, దగ్గు కోసం చెవులు రిక్కించింది. అంబలి చల్లారి పైన పొర కట్టింది. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. మర్నాడూ రాకపోయేసరికి ఆవిడకు వేరే బాధ మొదలైంది. నా వంటలో ఏం తక్కువైంది, నేనేం మాటన్నాను అని కుమిలిపోయింది. అప్పటికి పానకాలు రోజూ వచ్చి కూర్చునేవాడిగా కుదిరిపోయాడు. వాడు ఆవిడ మొహం చూసి, చెప్పడానికి నోరు రావడం లేదన్నట్టు నసిగి, వీరాస్వామిని కోతుల సత్రంలో చూశానన్నాడు. నలుగురి మధ్య కూర్చుని నవ్వుతున్నాడని కూడా చెప్పాడు.

అంతే, నాంచారమ్మ మనసు విరిగింది. పళ్లు లేనివాడికి ఇన్నాళ్లు మెదిపి పెడితే చెప్పాపెట్టకుండా పోయాడే అని లోపల్లోపల తిట్టుకుంది. చచ్చినవాణ్ణి తిడుతున్నానని ఆవిడకు తెలియదు. వాడు బతికుండగా వాడి మీద ఒక్కనాడు విసుక్కోని మనిషి, వాడు పోయాక రోజూ తిట్టింది.

తర్వాత సీతాలు రావడం మానేసింది. కోతులు ఒకరి తర్వాత ఒకర్ని లాగేసుకుంటున్నాయని నాంచారమ్మ నమ్మింది. పచ్చడిలో నూనె పెంచింది, పులుసులో కొత్త దుంపలేసింది. చిత్రమేమిటంటే సీతాలు పొదల కింద ఏ కంత గుండా వస్తుందో, పిల్లల్ని నిద్రపుచ్చి ఏ వేళకు బయటికొస్తుందో పానకాలుకు పూసగుచ్చినట్టు చెప్పింది తనేనని ఆవిడకు ఆ వారం రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

పానకాలు ఓదార్చాడు. పోయినవాళ్ల కోసం ఏడిస్తే ఉన్నవాళ్లు కూడా పోతారన్నాడు. ఉన్నవాళ్లకు ఎదురెళ్లి, అక్క మిమ్మల్ని తలుచుకుంటోందని చెప్పి, మర్యాదగా తీసుకొస్తే ఎవరు మాత్రం గుట్టెక్కుతారన్నాడు. ఆ పని తనే చేస్తానన్నాడు. నాంచారమ్మ వాడి చేతులు పట్టుకున్నంత పని చేసింది.

"అయితే గౌరుకు ఎదురెళ్లు తమ్ముడూ. పేరమ్మకు కాలికి ముల్లు దిగి రెండు రోజులుగా రావడం లేదు, చెల్లెలొక్కతే వస్తోంది. ఒంటరిగా వచ్చేదానికి తోడుంటే బావుంటుంది."

పానకాలు తోడెళ్లాడు. గౌరు రాలేదు.

అదీ గుట్టెక్కేసిందని వాడు చెప్పాక ఇంక నాంచారమ్మ ఊరుకోలేకపోయింది. చిన్నతనమైనా సరే, వీరాస్వామి కాళ్లావేళ్లా పడైనా వెనక్కి తెచ్చుకోవాలనుకుంది. అతను వస్తే మిగతావాళ్లు వాళ్లే వస్తారని ఆశ. పొద్దున్నే మెత్తగా అంబలి కాచి, చిన్న ముంతలో పోసుకుని బయల్దేరింది. గుట్టకు వెళ్లే దారి వెలగచెట్టు మలుపు మీంచే.

చెట్టు వెనక పొదలో ఎముకలున్నాయి. అడవిలో ఎముకలు కొత్త కాదు, దాటుకుని పోయేదే. కానీ దవడ ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది. దాని పళ్లు చిగుళ్ల దాకా అరిగి ఉన్నాయి. ఎడం పక్కన రెండు అసలే లేవు. ఆ నోటికి ఎంత మెత్తగా మెదపాలో నాంచారమ్మ చేతికి తెలుసు. ఆవిడ ముంత అక్కడే దించి, పక్కనే కూలబడింది. ఏడుపు రాలేదు. ముళ్లన్నీ వాటంతట అవే లేచి నిలబడ్డాయి.

వీరాస్వామి అక్కడ ఆగుతాడని లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తను. రెండోవాడికి తనే చెప్పింది.

అక్కడి నుంచి సీతాలు బొరియకు వెళ్లింది. పిల్లలు నలుగురూ ఒకరినొకరు కరుచుకుని, బిగుసుకుపోయి ఉన్నారు. పాలు లేక ఎన్నాళ్లు బతికారో, ఎప్పుడు పోయారో చెప్పగలిగేవాళ్లు లేరు. గౌరు కోసం వెతకనే లేదు. వెతికే ఓపిక లేక కాదు, చూడలేక.

ఆ పగలంతా ఆవిడ అడవి తిరిగింది. తన దగ్గర తినే ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లి, ఇక రేవు దారి తొక్కొద్దని చెప్పింది. ఎందుకని అడిగినవాళ్లకు దాచకుండా చెప్పింది. చిరుత కాచుకుని ఉందని, దానికి దారి చూపింది పానకాలని, పానకాలుకు చెప్పింది నేనేనని. ఆఖరి ముక్క మింగేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ మింగలేదు. కాలి ముల్లుతో పడుకుని ఉన్న పేరమ్మకు కూడా, చెల్లెలు ఇక రాదని, ఆ పాపం తనదని, ఎదురుగా నిలబడి చెప్పింది. పేరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

చివరగా చిరుత ఉండే రాళ్ల గుట్టకు పోయింది. చిరుత ఒక కన్ను తెరిచి, ఆవిడ ముళ్లు చూసి, మళ్లీ మూసుకుంది.

"నా దగ్గర తినేవాళ్లందరికీ నీ సంగతి చెప్పేశాను. ఇక రేవు దారిలో పురుగు కూడా నడవదు. నీ పానకాలు నీకు ఇక చూపించగలిగింది ఏమీ లేదు" అంది నాంచారమ్మ.

"ఆ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

"కాదు. వాడు ఏ వేళకు తింటాడో, తిన్నాక ఎక్కడ పడుకుంటాడో నాకు తెలుసు."

చిరుత రెండు కళ్లూ తెరిచింది. ఆవిడ చెప్పింది. వీరాస్వామి గురించి చెప్పినప్పుడు ఉన్న మురిపెం ఇప్పుడు లేదు, అంతే తేడా. మిగతాదంతా అదే పద్ధతి, ఏ వేళ, ఏ దారి, ఎక్కడ ఆగుతాడు, ఎంతసేపు. అప్పుడు తెలియక చేసింది. ఇప్పుడు తెలిసి చేసింది.

పానకాలు ఇన్నాళ్లూ అందరి అలవాట్లూ లెక్కేశాడు గానీ తనకూ అలవాట్లు పడతాయని అనుకోలేదు. అప్పటికి ఇరవై రోజులుగా వాడి విస్తరి కూడా వాడి చోట పడుతూనే ఉంది. చింతచిగురు పచ్చడి వాడికి ఇష్టమని ఆవిడ రెండో రోజే కనిపెట్టింది. ముందు అది నాకి, తర్వాత కళ్లు మూసుకుని తింటాడు. తిన్నాక బండ వెనక ఎండ తగిలే చోట వెల్లకిలా పడుకుని ఒక కునుకు తీస్తాడు. పుట్టినప్పటి నుంచి ఒకరి ఎంగిలి తిని బతికినవాడికి, తన కోసం ఎవరో ఆకు వేసి ఉంచడం బాగానే నచ్చింది. అది నచ్చిన సంగతి వాడికే తెలియదు, అదీ వాడి పొరపాటు.

మర్నాడు మధ్యాహ్నం మామూలుగా వచ్చాడు. మామూలుగా తిన్నాడు. బండ వెనక వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇవాళ ఎవరూ రాలేదేం అక్కా?"

"ఒకరు రావాలి."

"ఎవరు?"

"కొత్తవాళ్లు."

"ఎటు నుంచి వస్తారు? ఎదురెళ్లమంటావా?"

"అక్కర్లేదు. దారి నేను చెప్పాను" అంది నాంచారమ్మ.

ఆ గొంతులో ఏదో తేడా తెలిసి పానకాలు కళ్లు తెరిచాడు. బండ మీద, వాడి కడుపుకు సరిగ్గా పైన, చిరుత కూర్చుని ఉంది. వాడు చిరుతను బతిమాలలేదు. దాన్ని బతిమాలి లాభం లేదని అందరికంటే వాడికే ఎక్కువ తెలుసు. ఆవిడ వైపు తిరిగాడు.

"అక్కా, నీ చేతి ముద్ద తిన్నవాణ్ణి."

"వాళ్లూ తిన్నవాళ్లే."

చిరుతకు పరిగెత్తాల్సిన పని పడలేదు. నాంచారమ్మ అటు చూడలేదు, పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. వినపడినదంతా విన్నది. పని అయ్యాక చిరుత మూతి నాక్కుని, ఇలాంటి కబురు మళ్లీ ఏమైనా ఉంటే చెప్పమంది. ఆవిడ ముళ్లన్నీ నిక్కించి దాని మీదికి నడిచింది. చిరుత తప్పుకుని వాగు దాటి పోయింది. ఆ దారుల్లో ఇక మేత దొరకదని తెలిసిందేమో, నాలుగు రోజుల తర్వాత ఆ కొండలే వదిలేసి వెళ్లిపోయిందని చెప్పుకున్నారు.

ఇక్కడితో నక్క పని అయింది, కథ కూడా అయిపోవాలి. నక్క మోసం నక్కనే మింగిందని చెప్పి నేనూ లేచిపోవచ్చు. కానీ అది సగమే.

చిరుత పోయాక నాంచారమ్మ మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. పీడ వదిలింది, భయం లేదు, రమ్మని పిలిచింది. అందరూ వింటూ తలూపారు. ఎవరూ ఆవిడను తిట్టలేదు. ఎవరూ రాలేదు కూడా. రెండు నెలలు చూసి, కాలు నయమైన పేరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లింది. ఒక్క పూట వచ్చి తినిపొమ్మని అడిగింది. నువ్వొస్తే నన్ను క్షమించినట్టు అందరికీ తెలుస్తుందని కూడా అంది.

పేరమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు.

"నీ మీద కోపం పోయిందక్కా. నిజంగానే పోయింది. పానకాలుకు తగిన శాస్తి చేశావు, మా చెల్లి పగ తీర్చావు. కానీ వాణ్ణి ఎలా పట్టించావో నాకు తెలుసు. వాడు ఎప్పుడు తింటాడో, ఎక్కడ పడుకుంటాడో చెప్పి పట్టించావు. నా గురించి కూడా నీకు అన్నీ తెలుసు కదా."

"నేను మళ్లీ నోరు విప్పుతానా పేరమ్మా?"

"విప్పవు. నాకు తెలుసు. అయినా ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది."

అంతకంటే ఆవిడ ఏమీ అడగలేకపోయింది. ఇప్పుడు అడవంతా గుట్టెక్కి కోతుల సత్రంలోనే తింటోంది. అక్కడ పులుసు నీళ్లలా ఉంటుంది, దుంప ఉడకదు, రోజూ వెళ్లినా ఎవరు మీరు అని అడుగుతారు. ఆ మాట వినగానే పేరమ్మకు ప్రాణం కుదుటపడుతుంది. పేరు కూడా చెప్పకుండా, దొరికిన చోట కూర్చుని, తిని, రోజుకో దారిన ఇంటికి పోతుంది. నాంచారమ్మ ఒక్కతే తన కోసం ఒక్క పిడికెడు జొన్నలు వండుకుంటోంది, అది కూడా అన్ని రోజులూ కాదు.

నీతి: తిన్నవాడి అలవాటు తెలుసుకుంటే వాడు మళ్లీ వస్తాడు, దాన్ని ఇంకొకరి చెవిన వేస్తే ఇంకెవరూ రారు.